బ్యారన్ గోడల మధ్య గాలి: మూసిన గదిలోని సంవహనాన్ని లెక్కకట్టడం

సంక్రాంతి వెళ్లాక కందుకూరు, కొండపి, టంగుటూరు, పొదిలి చుట్టుపక్కల పొలాల్లో పొగాకు బ్యారన్ల పొయ్యిలు ఒకటొకటిగా రాజుకుంటాయి. కోసి తెచ్చిన పచ్చాకును కర్రలకు అల్లి, బ్యారన్ లోపల కింది నుంచి పైదాకా వరుసలుగా వేలాడదీసి, తలుపు మూసి, బయటి పొయ్యిలో కట్టె పెడతారు. పొగ గదిలోకి రాదు. నేలకు కాస్త ఎత్తున పరిచిన ఇనుప రేకు గొట్టాల గుండా తిరిగి బయటికి పోతుంది. గొట్టాలు వేడెక్కుతాయి, వాటిని తాకిన గాలి వేడెక్కి పైకి లేస్తుంది, ఆ గాలే ఆకును పసుపు తిప్పి, ఆరబెట్టి, చివరికి ఈనె దాకా ఎండబెడుతుంది. ఐదారు రోజులు సాగే ఈ పనిలో సంప్రదాయ బ్యారన్‌కు ఫ్యాను లేదు, మోటారు లేదు. గాలిని నడిపేది వేడి ఒక్కటే.

ఆ వేడి ఎటు పోతున్నదో ఒకసారి లెక్క చూద్దాం. కిలో ఎండాకు కావాలంటే సుమారు ఆరేడు కిలోల పచ్చాకు కావాలి, అంటే ఐదారు కిలోల నీటిని ఆవిరి చేయాలి. కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 2.4 మెగాజౌళ్లు పడుతుంది కాబట్టి మొత్తం 13 మెగాజౌళ్ల దాకా అవుతుంది. ఎండిన కట్టె కిలోకు దాదాపు 15 మెగాజౌళ్లు ఇస్తుంది. అంటే వృథా అన్నది లేకపోతే కిలో ఎండాకుకు కిలో కట్టె సరిపోవాలి. నిజానికి పాత తరహా బ్యారన్‌లో నాలుగైదు కిలోలు పడుతుంది. మిగిలిన వేడి పొగలో, గోడల్లో, పైకప్పులో, వెంటిలేటర్లలో పోతోంది. ఎందులో ఎంత పోతోందో తెలియకుండా మార్పులు చేస్తే ఏది ఫలించిందో చెప్పలేం. ప్రతిదాన్నీ కట్టి చూడటం ఖర్చుతో కూడిన పని, పైగా ఒక్క ప్రయోగం చెడితే ఒక బ్యారన్ ఆకు గ్రేడు పడిపోతుంది. అందుకే మూసిన గదిలోని గాలి కదలికను కంప్యూటర్‌లో లెక్కగట్టే సంఖ్యాత్మక అనుకరణకు ఇక్కడ నిజమైన అవసరం ఉంది. ఆ లెక్క ఎలా నడుస్తుందో, ఎక్కడ మోసపోతుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. నా దృష్టిలో దాని మంచిచెడులన్నీ గోడల దగ్గరే తేలతాయి.

ముందుగా ఈ సమస్య ఎందుకు కష్టమో చూడాలి. ఫ్యాను వీస్తున్న గదిలో గాలి వేగం ముందే తెలుసు. ఆ వేగాన్ని పట్టుకుని వేడి ఎక్కడికి చేరుతుందో లెక్క వేయవచ్చు. సహజ సంవహనంలో, అంటే వేడి వల్లనే గాలి కదిలే చోట, అలా కుదరదు. వేడెక్కిన గాలి వ్యాకోచించి తేలికపడుతుంది, చుట్టూ ఉన్న బరువైన గాలి దాన్ని పైకి నెడుతుంది, లేచిన గాలి తనతో వేడిని మోసుకుపోతుంది, దానితో ఉష్ణోగ్రతలు మారతాయి, అవి మారగానే నెట్టే బలమూ మారుతుంది. వేగం తెలియాలంటే ఉష్ణోగ్రత తెలియాలి, ఉష్ణోగ్రత తెలియాలంటే వేగం తెలియాలి. రెండింటినీ ఒకేసారి సాధించాలి.

ఈ రెంటినీ ముడివేసే సమీకరణాలు కొత్తవి కావు. కదిలే ద్రవాలకూ వాయువులకూ వర్తించే బల సమీకరణాలను నావియర్ 1822లోనూ, స్టోక్స్ 1845లోనూ రూపొందించారు. 1903లో బూసినెస్క్ వాడిన సరళీకరణ వాటిని సంవహనానికి అనువుగా మార్చింది: సాంద్రతలోని చిన్న మార్పును బరువు విషయంలో మాత్రమే లెక్కలోకి తీసుకుని, మిగతా అన్నిచోట్లా సాంద్రత స్థిరమని అనుకోవచ్చు. గాలి విషయంలో ఉష్ణోగ్రతా భేదం సుమారు 30 డిగ్రీలు దాటనంతవరకు ఈ ఊహ బాగానే పనిచేస్తుంది. ఆకు పసుపు తిరిగే దశలో గది 32 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది కాబట్టి గదిలోని గాలి వరకు చిక్కు లేదు. ఈనె ఎండే దశలో గది 70 డిగ్రీలకు, అంటే ఫారన్‌హీట్ లెక్కలో 160కి చేరినప్పుడు, అంతకంటే ఎంతో వేడిగా ఉన్న గొట్టాల చుట్టూ ఈ ఊహ నిలవదు. అక్కడ సాంద్రతను వాయు నియమం నుంచి నేరుగా తీసుకోవాలి.

గాలి కదులుతుందా లేదా, కదిలితే ఎంత ఉద్ధృతంగా కదులుతుందో ఒకే అంకెలో చెప్పేది రేలీ సంఖ్య. గాలిని పైకి నెట్టే బలం లవంలో ఉంటుంది. ఆ కదలికను అణచే రెండు గుణాలు, అంటే గాలి స్నిగ్ధత, వేడి దానంతటదే వ్యాపించి చెదిరిపోయే వేగం, హారంలో ఉంటాయి. 1916లో లార్డ్ రేలీ కింది నుంచి వేడెక్కే పలుచని పొరను విశ్లేషించి, ఈ సంఖ్య ఒక హద్దు దాటేవరకు ద్రవం కదలకుండా నిలిచి ఉంటుందని చూపాడు. పైనా కిందా గట్టి పలకలు ఉన్నప్పుడు ఆ హద్దు 1708. అంతకు తక్కువైతే వేడి వహనం ద్వారానే పైకి పాకుతుంది, ఎక్కువైతే గాలి తిరగడం మొదలుపెడుతుంది.

ఈ సంఖ్యలో గది ఎత్తు ఘనం రూపంలో ఉంటుందన్న సంగతి మీద కాసేపు నిలవాలి. 10 సెంటీమీటర్ల చదరపు పెట్టెలో ఒక పక్క గోడ మరోదానికంటే 15 డిగ్రీలు వేడిగా ఉందనుకుందాం. సగటు ఉష్ణోగ్రత 47 డిగ్రీలైతే రేలీ సంఖ్య సుమారు 10 లక్షలు. ఇప్పుడు అదే 15 డిగ్రీల భేదాన్ని 5 మీటర్ల ఎత్తున్న బ్యారన్‌లో ఊహించండి. ఎత్తు 50 రెట్లు పెరిగింది, దాని ఘనం 1,25,000 రెట్లు పెరిగింది, కాబట్టి రేలీ సంఖ్య 12,500 కోట్లకు చేరింది. ప్రయోగశాల బల్లమీది పెట్టెకూ పొలంలోని బ్యారన్‌కూ మధ్య ఉన్న దూరం ఇది. పెట్టెలో గాలి పొరలు పొరలుగా, ఒద్దికగా తిరుగుతుంది. రేలీ సంఖ్య 10 కోట్లు, 100 కోట్ల మధ్యకు వచ్చేసరికి ఆ ఒద్దిక చెదిరి ప్రవాహం సంక్షుబ్ధమవుతుంది. బ్యారన్ దాన్ని కూడా దాటి చాలా దూరం వెళ్లిపోయింది.

ఇక లెక్క చేసే పద్ధతి. గదిని చిన్న చిన్న గళ్లుగా విభజిస్తారు. ప్రతి గడికీ కొన్ని పద్దులు ఉంటాయి: లోపలికి వచ్చిన గాలి ఎంత, బయటికి పోయింది ఎంత; వచ్చిన వేడి ఎంత, పోయింది ఎంత; గాలి మీద పనిచేసిన బలాలు ఎన్ని, వాటివల్ల వేగం ఎంత మారింది. కొట్టు లెక్కల పుస్తకంలో జమాఖర్చులు సరిపోవాల్సినట్టే ప్రతి గడిలోనూ ఇవన్నీ సరిపోవాలి. ఒక గడి నుంచి పోయినది పక్క గడికి జమ కావాలి. అవకలన సమీకరణం ఈ విధంగా లక్షల కొద్దీ కూడికలు, తీసివేతలుగా మారుతుంది, అవన్నీ ఒకదానితో ఒకటి సరిపడేదాకా కంప్యూటర్ మళ్లీ మళ్లీ సవరిస్తూ పోతుంది.

ఇందులో పీడనం ఇబ్బంది పెడుతుంది. ఉష్ణోగ్రతకు ఒక సమీకరణం ఉంది, వేగానికి ఉంది, పీడనానికి మాత్రం నేరుగా సమీకరణం లేదు. అయినా పీడనం సరిగా లేకపోతే గాలి గడిలో లేనిపోని విధంగా పోగుపడుతుంది లేదా మాయమవుతుంది. ముందు ఒక పీడనాన్ని ఊహించి, దానితో వేగం కట్టి, గాలి ఎక్కడెక్కడ లెక్క తప్పిందో చూసి, ఆ తప్పును బట్టి పీడనాన్ని సవరించే పద్ధతిని 1972లో పటాంకర్, స్పాల్డింగ్ ప్రకటించారు. పుణెలో పుట్టి, బొంబాయి ఐఐటీలో చదివిన సుహాస్ పటాంకర్ లండన్‌లో చేసిన ఈ పని మీదనే నేటి ప్రవాహ గణన సాఫ్ట్‌వేర్లు చాలావరకు నిలబడి ఉన్నాయి. 2004లో ఉచితంగా విడుదలైన ఓపెన్‌ఫోమ్ వంటి సాధనాల్లోనూ ఆ పద్ధతి, దాని సంతతి కనిపిస్తాయి కాబట్టి ఒంగోలు, కావలి, నెల్లూరు కాలేజీలలోని విద్యార్థులు ఎవరికీ రుసుము కట్టకుండానే ఈ లెక్క మొదలుపెట్టవచ్చు.

మొదలుపెట్టేవారు బ్యారన్ దగ్గరికి నేరుగా వెళ్లకూడదు. ముందు జవాబు తెలిసిన లెక్క ఒకటి చేసి తమ పద్ధతిని పరీక్షించుకోవాలి. ఆ పరీక్ష కూడా సిద్ధంగా ఉంది. రెండు అద్దాల కిటికీ నడుమ బిగించిన గాలి ఎంత వేడిని దాటిస్తుందన్న ప్రశ్నతో 1954లో బాచెలర్ మూసిన పెట్టెలోని సంవహనాన్ని విశ్లేషించాడు. ఎడమ గోడ వేడి, కుడి గోడ చల్లన, పైనా కిందా వేడి దాటని పలకలు: ఈ చదరపు పెట్టెకు 1983లో ఆస్ట్రేలియాకు చెందిన డి వాల్ డేవిస్ ప్రామాణిక ఫలితాలు ప్రచురించాడు. వహనం ఒక్కటే ఉంటే దాటే వేడికి ఎన్ని రెట్లు వేడి దాటిందో చెప్పే నుసెల్ట్ సంఖ్య సగటు విలువలు అందులో ఉన్నాయి. రేలీ సంఖ్య 1000 దగ్గర 1.118, 10 వేల దగ్గర 2.243, లక్ష దగ్గర 4.519, 10 లక్షల దగ్గర 8.800. మన 10 సెంటీమీటర్ల పెట్టె సరిగ్గా ఈ చివరి మెట్టు మీదిది. కదలని గాలి అయితే చదరపు మీటరుకు 4 వాట్ల పైచిలుకు దాటేది, తిరిగే గాలి వల్ల దాదాపు 37 వాట్లు దాటుతుంది. రాసుకున్న ప్రోగ్రాం 8.8 ఇవ్వకుండా 7 ఇచ్చినా 11 ఇచ్చినా, అది చూపే రంగుల బొమ్మ ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టవలసిందే.

ఎందుకు తప్పుతుంది? ఇక్కడే గోడల సంగతి వస్తుంది. ఈ పెట్టెలో గాలి మధ్యభాగమంతా దాదాపు నిశ్చలంగా, కింద చల్లగా పైన వేడిగా పొరలుకట్టి ఉంటుంది. కదలిక అంతా గోడలను అంటుకుని జరుగుతుంది. వేడి గోడ వెంట సన్నని పొర ఒకటి పైకి పాకుతుంది, చల్లని గోడ వెంట మరొకటి కిందికి జారుతుంది. ఈ సరిహద్దు పొర మందాన్ని అంచనా కట్టడానికి ఒక సులువైన దారి ఉంది: గది ఎత్తును రేలీ సంఖ్య నాలుగో మూలంతో భాగించాలి. చిన్న పెట్టెలో అది 3 మిల్లీమీటర్లు. బ్యారన్‌లో సుమారు 8 మిల్లీమీటర్లు. గది 50 రెట్లు పెరిగినా ఈ పొర మూడు రెట్లు కూడా పెరగలేదు. ఐదు మీటర్ల గదిలో వేడి ఎంత దాటాలో నిర్ణయించేది వేలెడు మందం కూడా లేని ఆ గాలి పొర.

దాని లోపలి మార్పు కనబడాలంటే గడి ఒక మిల్లీమీటరు మించకూడదు. బ్యారన్ మొత్తాన్ని మిల్లీమీటరు గళ్లుగా కోస్తే ఒక్కో దిశలో 5000 చొప్పున 12,500 కోట్ల గళ్లు అవుతాయి. ఒక్కో గడికి మూడు దిశల వేగం, పీడనం, ఉష్ణోగ్రత కలిపి ఐదు విలువలు దాచుకోవాలంటే ఐదు టెరాబైట్ల జ్ఞాపకశక్తి కావాలి, అదీ ఒకే ఒక్క క్షణానికి. అందుకని గోడల దగ్గర సన్నగా, నడుమ వెడల్పుగా ఉండేలా గళ్లు సాగదీస్తారు. అప్పుడు పది, ఇరవై లక్షల గళ్లతో మామూలు కంప్యూటర్ మీద లెక్క నడుస్తుంది. కొత్తగా నేర్చుకునేవారు తరచుగా చేసే పొరపాటు గదినంతా సమానంగా, ఐదేసి సెంటీమీటర్ల గళ్లుగా కోయడం. అప్పుడు పొర మొత్తం తొలి గడిలోనే మునిగిపోతుంది. గాలి తిరిగినట్టు తెర మీద కనిపిస్తుంది గాని గోడ దగ్గర వేడి ఎంత దాటిందన్న అంకెకు అర్థం ఉండదు.

ప్రవాహంలోని సంక్షోభం, అంటే గాలి క్రమం తప్పి సుడులు తిరగడం, ఈ ఇబ్బందిని ఇంకా పెంచుతుంది. పెద్ద సుడులు విడిపోయి చిన్న సుడులుగా మారుతూ పోతాయి, వాటన్నిటినీ గళ్లలో పట్టలేం కాబట్టి వాటి సగటు ప్రభావాన్ని నమూనాలతో ఊహిస్తారు. వాడుకలో ఉన్న నమూనాలు చాలావరకు పైపుల్లో, ఫ్యాను గాలిలో, అంటే బలవంతపు ప్రవాహాల్లో కొలిచిన ఫలితాల నుంచి పుట్టినవి. గోడ దగ్గర వేగం ఎలా పెరుగుతుందన్న దానికి అవి ఒక సూత్రాన్ని ముందే నమ్ముతాయి. సహజ సంవహనంలోని సన్నని గోడ పొరకు ఆ సూత్రం సరిపోదు. అందువల్ల గోడ పక్కన సూత్రం మీద ఆధారపడకుండా గళ్లనే దగ్గరగా పరిచి లెక్కించడం మేలు. దీనికి సమయం ఎక్కువ పడుతుంది, ఆ సమయం వెచ్చించక తప్పదు.

గోడ పక్కన గళ్లు సరిగా పరిచాక గోడ గురించి కంప్యూటర్‌కు ఏం చెప్పాలన్నది మిగులుతుంది. పుస్తకాల్లోని పెట్టెలో గోడ ఉష్ణోగ్రత ఇచ్చేస్తారు, పలక గుండా వేడి దాటదని రాసేస్తారు. బ్యారన్‌లో ఏ గోడ ఉష్ణోగ్రతా మనకు ముందుగా తెలియదు. ఇటుక గోడ లోపలి ముఖం బయటి రాత్రి చలికీ లోపలి వేడికీ మధ్య ఎక్కడో తేలుతుంది. గోడ మందం, దాని ఉష్ణవాహకత, బయటి గాలి, పైకప్పు రేకా పెంకా అన్నది, ఇవన్నీ లెక్కలోకి రావాలి. గొట్టం ఉష్ణోగ్రత కూడా పొడవునా ఒకేలా ఉండదు, పొయ్యి వైపు ఎర్రగా కాగి పొగగొట్టం వైపు తగ్గుతూ పోతుంది. ఇక్కడ ఊహించి పెట్టిన ఒక్క అంకె మిగతా లెక్కనంతా తన వైపు లాగేస్తుంది.

చాలా లెక్కల్లో పూర్తిగా మరిచిపోయేది వికిరణం. 47 డిగ్రీల దగ్గర ఉన్న రెండు గరుకు తలాల మధ్య ఒక్క డిగ్రీ భేదానికి చదరపు మీటరుకు ఆరేడు వాట్లు వికిరణంగా దాటుతాయి. అదే గోడ దగ్గర సహజ సంవహనం మోసేది సాధారణంగా రెండు నుంచి ఐదు వాట్లు. గాలి కదలికను ఎంత నేర్పుగా లెక్కగట్టినా, గొట్టం నుంచి కింది వరుస ఆకుకూ, ఆకు నుంచి గోడకూ గాలితో పనిలేకుండా పోయే ఈ వేడిని వదిలేస్తే సగానికి పైగా వదిలేసినట్టే.

ఆకు సంగతికి వస్తే అది గదిలో అడ్డు కూడా, నీటి ఊట కూడా. ఒక్కొక్క ఆకునూ గీయలేం కాబట్టి ఆకు వరుసలను సచ్ఛిద్ర మాధ్యమంగా, అంటే ఇసుకలో నీరు ఇంకే తీరును వివరిస్తూ 1856లో డార్సీ చెప్పిన నియమం వర్తించే పదార్థంగా భావిస్తారు. నీటి విషయం మరింత ఆసక్తికరం. నీటి ఆవిరి గాలికంటే తేలిక. 38 డిగ్రీల దగ్గర 90 శాతం తేమ ఉన్న గాలి అదే ఉష్ణోగ్రత గల పొడి గాలికంటే దాదాపు 2 శాతం తేలికగా ఉంటుంది, ఇది గాలిని ఏడు డిగ్రీలు వేడి చేసినదానికి సమానం. అందుకని ఉష్ణోగ్రతను మాత్రమే చూసి గాలి ఎటు కదులుతుందో చెప్పలేం. అయితే ఆవిరయ్యే నీరు తనకు కావలసిన వేడిని గాలి నుంచే తీసుకుంటే కథ మారిపోతుంది. కిలో గాలిలో ఒక గ్రాము నీరు ఆవిరైతే గాలి సుమారు రెండున్నర డిగ్రీలు చల్లబడుతుంది. ఆవిరి చేరినందువల్ల వచ్చే తేలిక కంటే చల్లబడినందువల్ల వచ్చే బరువు పది రెట్లకు పైగా ఎక్కువ. పైకి వెళ్లవలసిన గాలి ఆకుల మధ్య బరువెక్కి నెమ్మదిస్తుంది. కింది వరుస ముందుగా ఎండి పై వరుస పచ్చిగా మిగలడానికి ఇది ఒక ముఖ్య కారణం. వట్టి గదిని లెక్కగట్టి బ్యారన్ అని పేరు పెడితే ఈ సంగతి ఎన్నటికీ బయటపడదు.

ఆకు ఎండే దశలో పైనా కిందా వెంటిలేటర్లు తెరుస్తారు. అప్పటి నుంచి అది మూసిన గది కాదు, పొగగొట్టం తీరున గాలిని లాగే గది, దాని లెక్క వేరు.

కింది నుంచి వేడెక్కే గదిలో ఇంకో చిక్కు ఉంది, దీన్ని కంప్యూటర్ తనంతట తాను చెప్పదు. ఒకే గది, అవే గోడలు, అదే వేడి ఉన్నా జవాబు ఒక్కటే ఉండాలని లేదు. గాలి కుడివైపుగా ఒకే పెద్ద చుట్టు చుట్టవచ్చు, ఎడమవైపుగా చుట్టవచ్చు, నడుమ లేచి రెండు పక్కలా దిగవచ్చు. లెక్క ఏ స్థితి నుంచి మొదలైందన్న దాన్ని బట్టి వీటిలో ఒకటి స్థిరపడుతుంది. 1963లో లోరెంజ్ సంవహన సమీకరణాలను మూడింటికి కుదించి చూసినప్పుడు, ఆ చుట్టు ఎప్పుడు దిశ మార్చుకుంటుందో దీర్ఘకాలం ముందుగా చెప్పలేమని తేలింది. అందువల్ల పని తగ్గుతుందని బ్యారన్‌లో సగభాగమే గీసి, మిగతా సగం దానికి అద్దంలో ప్రతిబింబంలా ఉంటుందని అనుకోవడం ప్రమాదం. అసలు గాలి ఆ సౌష్ఠవాన్ని పాటించకపోవచ్చు. పలు ప్రారంభ స్థితుల నుంచి లెక్క నడిపి, సంక్షుబ్ధ ప్రవాహం కాబట్టి ఒక క్షణాన్ని కాక చాలా నిమిషాల సగటును తీసుకోవాలి.

ఇదే సమీకరణాలను తలకిందులు చేసి చూడాలంటే మే నెలలో ఒంగోలులోని ఏ స్లాబు ఇంట్లోకైనా వెళ్లవచ్చు. అక్కడ వేడి పైనుంచి వస్తుంది. వేడి గాలి పైనే ఉంది, చల్లని గాలి కిందే ఉంది, కదలవలసిన అవసరం దేనికీ లేదు. రేలీ సంఖ్య ఎంత పెద్దదైనా స్లాబు కింది గాలి పొరలుకట్టి నిలిచిపోతుంది. అయినా మధ్యాహ్నం స్లాబు కింద కూర్చున్నవారి నడినెత్తి మండుతుంది, ఎందుకంటే ఆ వేడి గాలి ద్వారా కాక వికిరణం ద్వారా దిగుతోంది. సీలింగ్ ఫ్యాను వేస్తే వేడిగాలే తగులుతోందని మనవాళ్లు అనడం కూడా నిజమే, పైన నిలిచిన పొరను ఫ్యాను కిందికి కలిపేస్తుంది. కాబట్టి ఆ ఇంటికి కావలసింది గాలి చుట్ల లెక్క కాదు, స్లాబు మీద సున్నం వేస్తే లోపలి ముఖం ఎన్ని డిగ్రీలు తగ్గుతుందన్న లెక్క.

మళ్లీ బ్యారన్ దగ్గరికి వద్దాం. ఎవరైనా ఎరుపు, నీలం రంగుల్లో గాలి తిరిగే చిత్రాన్ని చూపి ఈ మార్పు వల్ల కట్టె ఇంత ఆదా అవుతుందని చెబితే రైతు గాని, విద్యార్థికి మార్గం చూపే అధ్యాపకుడు గాని అడగదగిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. గొట్టాలు ఇచ్చిన వేడి, గోడలూ పైకప్పూ ఆవిరీ తీసుకున్న వేడీ కలిపి చూస్తే సరిపోయాయా? గళ్లను రెండు రెట్లు సన్నం చేసినప్పుడు ఆ అంకె మారిందా, మారితే ఎంత? 8.800 పరీక్ష నెగ్గిన ప్రోగ్రామేనా? గోడ దగ్గర తొలి గడి ఎన్ని మిల్లీమీటర్లు? వికిరణం లెక్కలో ఉందా? ఈ ఐదింటిలో ఒక్కదానికి జవాబు లేకపోయినా ఆ ఆదా అంకె మీద డబ్బు పెట్టకూడదని నా అభిప్రాయం.

ఇవన్నీ సరిగా ఉన్నాక బ్యారన్ లోపల కొలవడం మిగులుతుంది. ఒకే థర్మామీటరు వేలాడదీసే అలవాటు పొయ్యిని నడపడానికి చాలుతుంది గాని లెక్కను పరీక్షించడానికి చాలదు. కింది వరుస దగ్గర ఒకటి, నడుమ ఒకటి, పై వరుస మీద ఒకటి, గోడ లోపలి ముఖానికి ఆనించి ఒకటి, ప్రతిచోటా పొడి థర్మామీటరుతో పాటు తడిగుడ్డ చుట్టింది మరొకటి ఉంచాలి. పసుపు తిరిగే మొదటి రాత్రి, వెంటిలేటర్లు ఇంకా మూసి ఉన్నప్పుడు, గంట గంటకూ ఆ విలువలు రాసుకుంటే లెక్క చెప్పిన పై కింది భేదంతో వాటిని పోల్చవచ్చు. భేదం కలవకపోతే ముందుగా వెతకవలసింది గది నడుమ కాదు, గోడ మందం దగ్గర, గొట్టం ఉష్ణోగ్రత దగ్గర, తలుపు సందు దగ్గర.